గిడ్డంగిలో రోగి

పోయిన వారం ఇసోయెను పెరటి గుమ్మంలో, చేతిలో నలిపిన కాగితపు ఉండతో వదిలి వచ్చాం. ఆ కాగితం మధ్యలో ఎర్రటి మరక ఉంది. అది ఎవరిదో ఆలోచించాల్సిన పని లేదనుకుంది ఆమె. మరిది సకుజి తోక్యోలో చదువు మానేసి చలికాలంలో ఇంటికొచ్చినప్పటి నుంచి మేడగది దిగి రావడం లేదు. "వాడికేం జబ్బు? కొంబు పొడి గొంతులో పడింది. ఈ ఇంట్లో దగ్గనివాళ్ళెవరు?" అని అత్తగారు తొమినో కొట్టిపారేస్తూ వచ్చింది. ఒసాకాలో వాళ్ళది కొంబు దుకాణం. ఉత్తరాది సముద్రం నుంచి వచ్చిన ఎండు నాచును వెనిగర్‌తో తడిపి, కత్తితో దూదిలా సన్నగా గీసి అమ్ముతారు. ఆ పొడి మీదికి ఏ దగ్గునైనా నెట్టేయవచ్చు. పైగా ఆడపడుచు చిసెకి క్యోతోలో పట్టు వర్తకుల సంబంధం కుదరబోతోంది. పెళ్ళివారి కానుకలు వచ్చి గుమ్మంలో దిగేదాకా క్షయ అన్న మాట ఎవరి నోటా రాకూడదని ఇంట్లో అందరూ, ఎవరూ చెప్పకుండానే, ఒప్పుకున్నారు.

ఇసోయె తన చేతనైనంత చేసింది. మరిది గిన్నె వేరు పెట్టింది. అతను అన్నం తిన్న పుల్లలు సలసల కాగే నీళ్ళలో వేసింది. మొన్న మొన్ననే ఏడాది నిండిన కూతురు ఫుకిని మేడమెట్ల వైపు పోనివ్వకుండా, తను దుకాణంలో ఉన్నంతసేపూ అత్తగారి ఒడిలో కూర్చోబెట్టింది.

ఇప్పుడు మే నెల వచ్చింది. పోలీసుల ఉత్తర్వు ప్రకారం వీధి వీధంతా ఇళ్ళు దులుపుకునే రోజు వచ్చింది.

ఆ రోజు ఇల్లు అనేది ఉండదు. నేల మీద పరిచిన మందపాటి గడ్డి చాపలన్నీ ఊడదీసి వీధిలోకి మోసుకొచ్చి, రెండేసి చొప్పున ఒకదానికొకటి ఆనించి నిలబెడతారు. పరుపులు, బీరువాలు, ఊరగాయ జాడీలు, పూర్వీకుల పేర్లు రాసిన పలకలున్న మందసం, అన్నీ ఎండలోకి వస్తాయి. తలకు గుడ్డలు చుట్టుకున్న ఆడా మగా వెదురు కర్రలు పట్టుకుని చాపల్ని బాదుతుంటారు. ఒక ఇంటి దుమ్ము ఇంకో ఇంటి చాప మీద పడుతుంది. వాళ్ళు దాన్ని బాది వెనక్కి పంపుతారు. చివరికి వీధిలో ఉన్న దుమ్మంతా వీధిలోనే ఉంటుంది, కాస్త ఇళ్ళు మారుతుందంతే. ఈ మాట ఇసోయె ఓసారి మొగుడితో అంటే, "ప్రభుత్వం వాళ్ళకి తెలియదంటావా?" అన్నాడు గెంజో. గెంజో ఏ విషయంలోనైనా తనకంటే తెలిసినవాళ్ళు ఎక్కడో ఒకచోట ఉంటారన్న నమ్మకం మీద బతికే మనిషి.

"ఏమ్మా కోడలా, మీ ఇంటి దుమ్ముకి కూడా పులుపు వాసనే!" అంది ఎదురింటి లాంతర్ల దుకాణం ఒనోబు, ముక్కుకు కట్టుకున్న గుడ్డ కిందికి లాగి. "నాలుక చాపి నిలబడితే అన్నంలోకి సరిపోయేట్టుంది."

"ఒక గిన్నె పట్టుకురండి పిన్నిగారూ, కొలిచి పోస్తాను."

"మీ అత్తగారు చూస్తే దానికీ ధర కడుతుంది." ఒనోబు కళ్ళు ఇసోయె భుజం మీదుగా ఖాళీ ఇంట్లోకి వెళ్ళి వచ్చాయి. "మీ మరిది పరుపు కనబడదేం? ఎండలో వేయలేదా?"

"వేస్తాం."

"వేయాలమ్మా. ఎండ మంచిది. పాపం, తోక్యో గాలి పడలేదట కదా."

వీధిలో అందరికీ తెలుసు. తెలిసినట్టు ఎవరూ ఒప్పుకోరు. ఎదురుపడితే ఆరోగ్యం అడుగుతారు. వెనక్కి తిరిగాక దుకాణం ముందు నుంచి ముక్కు మూసుకుని నడుస్తారు. కొంబు కొనడానికి మాత్రం వస్తారు. ఇంతకంటే ముక్కు మూసుకుని మొహం మీదే అడిగేస్తే నయం కదా అని ఇసోయెకు ఎన్నోసార్లు అనిపించింది.

ఇక దుకాణంలో ఉమ్మడానికి పెట్టిన తమ్మపడిగ సంగతి. జనం ఎక్కడపడితే అక్కడ ఉమ్మితే క్షయ వ్యాపిస్తుందని, ప్రతి దుకాణంలో ఒక తమ్మపడిగ ఉంచాలని చట్టం. తొమినో చట్టాన్ని గౌరవించే మనిషి. కొంగ బొమ్మ ఉన్న తెల్లటి పింగాణీది తెప్పించి గుమ్మం పక్కనే పెట్టించింది. రోజూ పొద్దున్నే స్వయంగా తళతళలాడేలా తుడుస్తుంది. అంత తెల్లటి దాంట్లో ఉమ్మడం మర్యాద కాదని వచ్చినవాళ్ళందరూ దాని పక్కన ఉమ్ముతారు. "లోపల మందునీళ్ళు పోసి ఉంచాలి అత్తయ్యగారూ, అలంకారానికి కాదు" అని ఇసోయె అంటే, "పోస్తే కొంగ రంగు పోతుంది" అందావిడ. అమ్మాయిల ఉన్నత పాఠశాలలో ఆరోగ్యశాస్త్రం చదువుకున్నప్పుడు సూక్ష్మజీవుల గురించి చెప్పారు గానీ కొంగ రంగు గురించి ఎవరూ చెప్పలేదు.

వీధి మొదట్లో తనిఖీవాళ్ళు కనిపించారు. ముందు తెల్ల చేతితొడుగుల పోలీసు, చేతిలో జిగురు డబ్బా, తనిఖీ అయినట్టు గుమ్మానికి అంటించే ముద్ర చీటీలు. వెనక వార్డు డాక్టరు కువబరా. కుర్రవాడే, మనిషి సన్నం, గొంతు మాత్రం పెద్దది. ప్రతి ఇంటి ముందూ ఆగి క్షయ గురించి అదే ఉపన్యాసం చెబుతున్నాడు. జనం ప్రతి వాక్యానికీ వంగి దణ్ణం పెడుతున్నారు. దణ్ణం అయ్యాక పక్కకు తిరిగి ఉమ్ముతున్నారు.

ఈ డాక్టరు దగ్గర ఈ రోజు మరిది సంగతి చెప్పేయాలని ఇసోయె రాత్రే నిశ్చయించుకుంది. పెళ్ళి పోతే పోనీ. ఇంట్లో పసిపిల్ల ఉంది. కానీ మేడగదికి వెళ్ళి చూస్తే గది ఖాళీ. పరుపు లేదు, మనిషి లేడు.

"అత్తయ్యగారూ, సకుజి ఏడీ?"

తొమినో వీధిలో ఖాళీ చెక్కపెట్టె మీద కూర్చుని ఫుకి జుట్టు సవరిస్తోంది. ఎండ మొహాన కొడుతోంది. ఈ మధ్య చిక్కిపోయిందావిడ. పెళ్ళి పనుల హడావిడి అనుకుంది ఇసోయె.

"గిడ్డంగిలో పెట్టించాను," అంది తొమినో, ఊరగాయ జాడీ గురించి చెప్పినట్టు. "అందులో సరుకు ఉంటుంది కదా, పోలీసులు చూడరు."

"సరుకు మధ్యలోనా? మనం జనానికి అమ్మే కొంబు మధ్యలోనా?"

"మెల్లగా మాట్లాడు అమ్మాయ్. గోడలు కూడా లేవు ఈ పూట."

 నోరు తెరిస్తే ఏం వస్తుందో ఇసోయెకే భయమేసింది. ఖాళీ ఇంట్లోంచి, తేలిన నేలపలకల మీదుగా, కొత్తగా చల్లిన సున్నం కాళ్ళకంటుకుంటుండగా పెరట్లోకి నడిచి, గిడ్డంగి మందపాటి తలుపు తోసింది.

లోపల చల్లగా, చీకటిగా ఉంది. కళ్ళు అలవాటు పడ్డాక సకుజి కనిపించాడు. రెండు చేతులతో కొంబు మూట ఒకటి తల మీదికెత్తి, దించి, మళ్ళీ ఎత్తుతున్నాడు. దుకాణంలో ఆ మూటను ఇద్దరు మోస్తారు.

వదినను చూసి మూట దించాడు. ఆయాసం లేదు. గుర్తొచ్చినట్టు ఒకసారి దగ్గాడు.

"అక్కర్లేదు," అంది ఇసోయె.

"ఏంటి వదినా?"

"ఆ దగ్గు. అక్కర్లేదు. ఏం చేస్తున్నావు?"

"ఊరికే... కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కుతున్నాయి. నెలల తరబడి పడుకుంటే తిమ్మిరెక్కవా?" పక్కనే ఆకులో చుట్టిన బియ్యపు ఉండలు సగం తిని పెట్టినవి కనిపించాయి. బుగ్గలు గుండ్రంగా, ఎర్రగా ఉన్నాయి. ఈ బుగ్గల్ని ఆమె రోజూ గిన్నె అందిస్తూ చూస్తూనే ఉంది. చూసి, పాపం మొహానికి నీరు పట్టిందనుకుంది.

"సకుజి, నీకు జబ్బుందా లేదా?"

అతను గిడ్డంగి కప్పు వైపు చూశాడు. 

"అమ్మ చెప్పొద్దంది."

"డాక్టరు వీధిలో ఉన్నాడు. నిన్నే చూపించబోతున్నాను."

"వద్దు వదినా!" ఈసారి నిజంగా కంగారుపడ్డాడు. "చూస్తే తెలిసిపోతుంది. అందుకే కదా నన్నిక్కడ పడేసింది. జబ్బుందని కాదు, లేదని తెలుస్తుందని."

ఇసోయె పక్కనున్న మూట మీద కూర్చుంది.

"తోక్యోలో పరీక్ష తప్పాను," అన్నాడు సకుజి తల వంచుకుని. "రెండోసారి. ఆ సంగతి రాద్దామనుకుంటుంటే అమ్మే కబురు పంపింది, వచ్చి మేడ మీద పడుకోమని. పరీక్ష తప్పి వచ్చాడనేకంటే ఒంట్లో బాగోక వచ్చాడంటే నయం కదా? ఇద్దరికీ కలిసొచ్చింది. చిసె పెళ్ళయ్యేదాకా మూలుగుతూ ఉంటే చాలంది. తర్వాత కోలుకోవచ్చు."

"మరి ఆ కాగితం? రక్తం?"

అతను మూట తాడు బిగించసాగాడు.

"సకుజి."

"వీధిలో అందరూ ఇంట్లో దగ్గు వింటున్నారు వదినా. ఎవరో ఒకరిది అని చెప్పాలి కదా. అమ్మది అంటే ఎలా కుదురుతుంది? కన్నతల్లికి ఉందంటే రక్తంలో ఉన్నట్టే. చిసెని ఎవరు చేసుకుంటారు? అదే నాకంటే, తోక్యోలో అద్దెగదిలో ఎవరి దగ్గరో అంటుకుంది పాపం, అంటారు."

"అంటే అత్తయ్యగారికైతే రక్తం, నీకైతే తోక్యో గాలా?"

"అంతే వదినా. జనం అలాగే చూస్తారు."

అతను ఎంత తేలిగ్గా అన్నాడంటే, ఒక్క క్షణం ఇసోయె కూడా అది సబబే అనుకుంది. ఆ తర్వాత ఫుకి గుర్తొచ్చింది.

చలికాలమంతా ఆమె కాపలా కాసింది. గిన్నె వేరు చేసింది, పుల్లలు ఉడకబెట్టింది, మేడమెట్లకు అడ్డంగా బల్ల పెట్టింది. ఇంత చేసి, పిల్లని రోజూ తన చేతుల్తో తీసుకెళ్ళి పెట్టింది ఎవరి ఒడిలో?

ఇసోయె లేచి పరుగెత్తింది. వెనక సకుజి "చెప్పకు వదినా!" అని అరుస్తూనే ఉన్నాడు.

వీధిలో తొమినో ఇంకా ఆ చెక్కపెట్టె మీదే ఉంది. ఒళ్ళో ఫుకి. చేతిలో అన్నం ఉండ. దాని మీద గీసిన కొంబు అంటించి ఉంది. ఆవిడ ఒక కొరుకు కొరికి, ఓపిగ్గా, కళ్ళు సగం మూసి నమిలింది. మెత్తగా అయ్యాక వేలి మీదికి తీసుకుంది. ఫుకి పిచ్చుకపిల్లలా నోరు తెరిచింది.

ఆ వీధిలో ప్రతి మామ్మా పిల్లలకు అలాగే పెడుతుంది. ఇసోయె కూడా అలా పెరిగిందే. అత్తగారు ఇలా పెట్టడం ఎన్నిసార్లు చూసి, ఎంత ప్రేమ అనుకుని దుకాణంలోకి వెళ్ళిపోయిందో!

"అత్తయ్యగారూ, పిల్లనిలా ఇవ్వండి."

"తింటోంది కదే, ఉండు. ఇంకో ముద్ద..."

"ఇవ్వండి."

ఆ గొంతుకు తొమినో తలెత్తింది. కోడలి కాళ్ళకంటిన సున్నం చూసింది. గిడ్డంగి వైపు చూసింది. అర్థమైంది. కానీ వేలు మాత్రం ఫుకి నోటి దగ్గరే ఉంది.

"ఇంట్లోకెళ్ళాక మాట్లాడుకుందాం," అంది చిన్నగా.

"ఇల్లెక్కడుంది? ఇల్లంతా వీధిలోనే ఉంది కదా!" ఇసోయె వంగి పిల్లని లాక్కుంది. చూపుడువేలు ఫుకి నోట్లో పెట్టి ఉన్నదంతా బయటికి తీసేసింది. ఫుకి ఏడుపు లంకించుకుంది. "ఇన్ని నెలలు! నేనక్కడ పుల్లలు ఉడకబెడుతుంటే ఇక్కడ మీరు నమిలి పెడుతున్నారా? మీకు తెలిసి కూడానా?"

"నమిలి పెడితే ఏమవుతుంది? ఐదుగురిని ఇలాగే పెంచాను. నీ మొగుణ్ణీ ఇలాగే పెంచాను."

"ముగ్గురే మిగిలారు కదా!"

అన్న వెంటనే ఇసోయె నాలుక కరుచుకుంది. తొమినో మొహంలో ఏదో మూసుకుపోయింది. అయినా ఆవిడ గొంతు హెచ్చలేదు.

"అవును, ఇద్దరు పోయారు. మా అమ్మ కూడా అలాగే పోయింది. అది రక్తంలో వస్తుందే. ముద్దలో రాదు. దీనికి ఉంటే ఎప్పుడో వచ్చి ఉంటుంది, లేకపోతే నేనెంత పెట్టినా రాదు. దగ్గొచ్చినప్పుడు మొహం తిప్పుకునే దగ్గుతాను. ఒక్కసారి కూడా దీని మీద దగ్గలేదు. అడుగు దాన్ని."

ఏడాది పిల్లని అడగమంటోంది! ఇసోయెకు నవ్వాలో నెత్తి బాదుకోవాలో తెలియలేదు. ఆవిడ అబద్ధమాడటం లేదు, అదే బాధ. నిజంగానే మొహం తిప్పుకుని ఉంటుంది. అంత జాగ్రత్తగా తిప్పుకుని, అంత ప్రేమగా నమిలి పెట్టింది.

"ఏమిటిక్కడ?" డాక్టరు కువబరా గొంతు. పోలీసు అప్పుడే గుమ్మం పక్క స్తంభానికి జిగురు రాస్తున్నాడు.

తొమినో లేచి వంగి దణ్ణం పెట్టింది. "ఏం లేదు డాక్టరుగారూ. కోడలికి ఎండ దెబ్బ తగిలింది."

"మా ఇంట్లో క్షయ ఉంది," అంది ఇసోయె.

చుట్టూ కర్రల చప్పుడు ఒక్కొక్కటే ఆగింది. ఒనోబు ముక్కుగుడ్డ పైకి లాక్కుంది. చాపల వెనక బిందె కడుగుతున్న చిసె, చేతిలో బిందెతోనే నిలబడిపోయింది. ఆ అమ్మాయి మొహం చూడకుండా ఉండటానికి ఇసోయె తన కూతురి నడినెత్తి వైపు చూసింది.

"ఉంది," అంది తొమినో వెంటనే. ఆవిడ వెనకడుగు వేసే మనిషి కాదు. "దాచి ఏం లాభం? మా చిన్నవాడికి. తోక్యో నుంచి తెచ్చుకున్నాడు పాపం."

అదే సమయానికి వదిన వెంట పరుగెత్తుకొచ్చిన సకుజి గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. డాక్టరు అతన్ని కింది నుంచి పైకి చూశాడు. ఎర్రటి బుగ్గలు, మెడ మీద చెమట, మూతికి అంటిన అన్నం మెతుకు.

"ఇతనికా?"

సకుజి దగ్గాడు. పరీక్ష ఎందుకు తప్పాడో ఆ దగ్గు వింటే తెలుస్తుంది. లాంతర్ల దుకాణం వైపు ఎవరో కిసుక్కున నవ్వారు.

"అతనికి కాదు," అంది ఇసోయె.

డాక్టరు చూపు సకుజిని వదిలి, తొమినో చిక్కిపోయిన భుజాల మీదికి వచ్చి ఆగింది. తొమినో ఆ చూపును కాసేపు భరించింది. ఆ తర్వాత ఆవిడ ఓపిక తెగిపోయింది. డాక్టరు మీద కాదు, కోడలి మీద.

"నా కన్నకొడుకే నన్ను కోబె తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించాడు. అంతా విన్నాడు. ఇంటికొచ్చి నోరు మూసుకుని తన పని తను చేసుకుంటున్నాడు. వాడికి లేని తొందర నీకెందుకే?"

గెంజో చాప ఒకటి వీపు మీద మోస్తూ అక్కడే ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో.

"ఏమండీ," అంది ఇసోయె. "ఎప్పుడు వెళ్ళారు కోబెకి?"

గెంజో చాప దించలేదు. చాప కింద నుంచి అన్నాడు, "పోయిన ఏడు. చలికాలం ముందు, ఆకులు ఎర్రబడ్డప్పుడు."

ఆకులు ఎర్రబడ్డప్పటికి ఫుకి ఇంకా తన పాలే తాగుతోంది. మొదటి మెతుకు నోట్లో పడలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"పెళ్ళయ్యేదాకా వద్దని అమ్మ..."

"నేను పిల్లని తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెడుతుంటే చూస్తూ ఊరుకున్నారా?"

గెంజో ఇబ్బందిగా చాపను ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. "నువ్వే కదా పెట్టావు ఇసోయే. మేడ మీదికి వద్దు, అత్తయ్య దగ్గరే ఉంచుతానని నువ్వే అన్నావు. అంత నమ్మకంగా చెబుతుంటే నేనేమనాలి?"

  ఇసోయెకు అన్ని మాటలూ ఒకేసారి వచ్చాయి, అవన్నీ చెప్పాలంటే ఒక జన్మ పడుతుంది. ఆమె డాక్టరు వైపు తిరిగింది.

"ముందు దీన్ని చూడండి."

"ఇక్కడా? వీధిలోనా?"

"ఇక్కడే. ఇంట్లో చాపల్లేవు."

ఆమె ఫుకి చొక్కా వీపు మీద నుంచి పైకి లాగింది. కువబరా సంచి తెరిచి స్టెతస్కోపు తీశాడు. అరచేతిలో కాసేపు పట్టుకుని వెచ్చబరిచాడు. వీధిలో ఒక్క కర్ర కూడా కదలడం లేదు. పోలీసు జిగురు కుంచె పట్టుకుని అలాగే ఉన్నాడు. ఫుకి వీపుకు గుండ్రటిదేదో తగలగానే ఏడుపు ఆపి, వింతగా తల్లి మొహంలోకి చూసింది.

డాక్టరు ఎడమవైపు విన్నాడు. తల ఊపాడు. కింద విన్నాడు. కుడివైపు, రెక్క ఎముక కింద పెట్టి విన్నాడు. అక్కడి నుంచి తీసి, ఇంకోచోటికి పోబోయి, ఆగాడు.

"పిల్లని కాస్త కదలకుండా పట్టుకోండమ్మా," అన్నాడు.

అంత పెద్ద గొంతూ ఎక్కడికో పోయింది. ఇసోయె గట్టిగా పట్టుకుంది. అతను కళ్ళు మూసుకుని, స్టెతస్కోపును మళ్ళీ అక్కడే పెట్టాడు.